ట్రెయిల్ కెమెరా కొనాలంటే మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి ముందు జంతువుని ఎంచుకోండి

ట్రెయిల్ కెమెరా అంటే చెట్టుకి కట్టేసి వచ్చేస్తే, జంతువు రాగానే తనంతట తనే ఫోటో తీసే కెమెరా. నేను మొదటిది కొన్నప్పుడు డబ్బా మీద మెగాపిక్సెల్స్ నంబరు ఒక్కటే చూశా. పెద్ద నంబరు కనపడింది, తీసేసుకున్నా. తీసుకెళ్లి జంతువులు తిరిగే దారి పక్కన చెట్టుకి కట్టేసి వారం తర్వాత వెళ్లి కార్డు తెచ్చి చూస్తే వందల ఫోటోలు, దాదాపు అన్నీ గడ్డే. పొద్దున గడ్డి, మధ్యాహ్నం గాలికి ఊగే గడ్డి, సాయంత్రం మళ్లీ గడ్డి. ఒకే ఒక్క రాత్రి ఫోటోలో కుడివైపు అంచున కుచ్చు తోక ఉంది, తోక తప్ప ఇంకేం లేదు. అది నక్కో ఇంకేంటో ఇప్పటికీ తెలీదు నాకు. ఆ ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నా, ఎందుకంటే జంతువు వచ్చింది, కెమెరా ముందు నుంచే నడిచింది, వచ్చిందని కెమెరాకి తెలిసింది కూడా, కాకపోతే అది నిద్రలేచి ఫోటో తీసేసరికి జంతువు దాటిపోయింది. అక్కడ మెగాపిక్సెల్స్ ఎన్నుంటే ఏం లాభం చెప్పండి.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఏ కెమెరా కొనమంటావ్ అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, ఏ జంతువుని ఎక్కడ తీయాలనుకుంటున్నారు అని. దారిలో చకచకా నడిచి వెళ్లిపోయే జంతువా, నీటిగుంట దగ్గరకొచ్చి పది నిమిషాలు నిలబడేదా, బొరియలోంచి తల బయటపెట్టే చిన్న ప్రాణా, చారలో మచ్చలో చూసి ఇది ఫలానాదే అని గుర్తుపట్టాలా, లేక పిల్లలతో ఎలా ఉంటుందో వీడియోలో చూడాలా. ఈ ఒక్కోదానికీ ఒక్కో రకం కెమెరా కావాలి, అన్నీ ఒకదాన్లోనే బాగుండే కెమెరా నాకైతే ఇంతవరకు కనపడలేదు. జవాబు ముందు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత షాపింగ్.

ముందు సెన్సార్ సంగతి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఈ కెమెరాలు జంతువుని "చూసి" ఫోటో తీయవు. లెన్సు కింద తెల్లగా, గీతలు గీతలుగా ఉండే ప్లాస్టిక్ బుడిపె ఒకటి ఉంటది కదా, దాని వెనకాల పీఐఆర్ అనే సెన్సార్ ఉంటుంది, అది వేడిని పసిగడుతుంది. ఆ గీతల ప్లాస్టిక్ ముందున్న జాగాని కొన్ని ముక్కలుగా విడగొట్టి సెన్సార్ మీద పడేస్తుంది, వెనకాల నేల కంటే వేడిగానో చల్లగానో ఉన్న ఒంటితో ఏదన్నా ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కదిలితే తేడా వచ్చిందని తెలిసి కెమెరా లేస్తుంది. అంటే రెండు కావాలి, వేడిలో తేడా ఉండాలి, కదలిక ఉండాలి. ఇది అర్థమైతే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. జంతువు అడ్డంగా నడిస్తే ముక్కలు గబగబా దాటుతుంది కాబట్టి సెన్సార్‌కి బాగా తెలుస్తుంది, సూటిగా కెమెరా మీదకే వస్తుంటే చాలా దగ్గరకొచ్చేదాకా తెలియకపోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం నేల, రాళ్లు కాలిపోయి జంతువు ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తే తేడా కరిగిపోతుంది, చలికాలం తెల్లవారుజామున ఇరవై మీటర్ల దూరంలో పట్టిన అదే సెన్సార్ అప్పుడు అందులో సగం దూరంలో కూడా పట్టదు. ఎండకి వేడెక్కిన ఆకులు గాలికి ఊగితే అదే సెన్సార్ జంతువనుకుని టకటకా ఫోటోలు తీస్తుంది, నా గడ్డి ఫోటోలన్నీ అవే. పాములు, బల్లులు, కప్పలు లాంటివైతే ఒంటి వేడి చుట్టూ ఉన్నదానితో సమానంగానే ఉంటుంది కాబట్టి చాలాసార్లు సెన్సార్‌కి అసలు ఆనవు, వాటి కోసం అయితే నిమిషానికొకటో అయిదు నిమిషాలకొకటో తనంతట తను ఫోటో తీసే టైమ్‌ల్యాప్స్ ఉన్న కెమెరా చూసుకోండి. ఇంకోటి, మామూలు గాజులోంచి ఈ వేడి కిరణాలు దాటవు, కిటికీ లోపల పెట్టి బయట పిట్టల్ని తీద్దాం అనుకుంటే కుదరదు.

కొనేటప్పుడు సెన్సార్ గురించి చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న తేడాకి కెమెరా లేవాలన్నది, మార్చుకునే వీలుందా అని. వేడి రోజుల్లో పెంచుకోవాలి, చలి రోజుల్లో తగ్గించుకోవాలి, కొన్నిట్లో ఆటో అని ఉంటుంది అది కెమెరానే వాతావరణాన్ని బట్టి మార్చుకుంటుంది. ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది, జనం దీన్ని అస్సలు పట్టించుకోరు, సెన్సార్ ఎంత వెడల్పు చూస్తుంది, లెన్సు ఎంత వెడల్పు చూస్తుంది అనేది. సెన్సార్ వెడల్పు ఎక్కువ, లెన్సుది తక్కువ అయితే జంతువు ఇంకా ఫ్రేములోకి రాకముందే ఫోటో తీసేస్తుంది, ఖాళీ ఫోటో. అలాకాకుండా సెన్సార్ మధ్యలో ఇరుగ్గా మాత్రమే చూస్తే జంతువు నడిమధ్యకొచ్చేదాకా కెమెరాకి తెలీదు, అప్పుడు లేచి తీస్తే తోక. రెండూ దాదాపు సమానంగా ఉన్నవి మంచివి.

ఇప్పుడు ఆ తోక లెక్క. కెమెరాలో ట్రిగ్గర్ స్పీడ్ అని ఒకటి రాస్తారు, కదలిక తెలిసిన దగ్గర్నుంచి ఫోటో తీయడానికి పట్టే టైమ్ అన్నమాట. పరుగు లాంటి నడకతో సెకనుకి మూడు మీటర్లు పోయే జంతువుని అనుకోండి. కెమెరా దారికి మూడు మీటర్ల దూరంలో ఉంది, లెన్సు 50 డిగ్రీలు చూస్తుంది అంటే అక్కడ ఫ్రేము వెడల్పు సుమారు 2.8 మీటర్లే. ట్రిగ్గర్‌కి ఒక సెకను పట్టే కెమెరా అయితే ఆ సెకనులో జంతువు మూడు మీటర్లు పోయింది, ఫ్రేము దాటేసింది. 0.3 సెకన్లు పట్టేదైతే 90 సెంటీమీటర్లే కదిలింది, ఇంకా ఫ్రేములోనే ఉంది. అంతే తేడా! కాబట్టి దారి మీద పెట్టేవాళ్లు 0.3 దగ్గరలో గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది తీసుకోండి. నీటిగుంట దగ్గర పెట్టేవాళ్లకి దీని అవసరం పెద్దగా లేదు, జంతువు ఎలాగూ నిలబడుతుంది, వాళ్లు ఆ డబ్బుని మంచి లెన్సు మీద పెట్టుకోవడం నయం. ఈ నంబరు పక్కనే రికవరీ టైమ్ కూడా చూడండి, ఒక ఫోటో తీసి మళ్లీ రెండోదానికి సిద్ధమవడానికి ఎంతసేపు పడుతుందో అది. తల్లి ముందు నడుస్తూ వెనక పిల్లలు వస్తుంటే, తల్లి ఒక్కటే పడి పిల్లలు పడకపోతే కారణం ఎక్కువగా ఇదే. వీడియో పెట్టుకుంటే కెమెరా లేవడానికి ఫోటో కంటే ఎక్కువ టైమ్ తీసుకుంటుంది మామూలుగా, కాబట్టి కంపెనీ రాసిన ట్రిగ్గర్ స్పీడ్ ఫోటోకా వీడియోకా అని అడగండి.

మెగాపిక్సెల్స్ గురించి ఇంక చెప్పక తప్పదు. డబ్బా మీద 30, 40, ఇంకా ఎక్కువ కూడా వేస్తారు, లోపలున్న అసలు సెన్సార్ (ఇది పీఐఆర్ కాదు, లెన్సు వెనకాల ఫోటోని పట్టేది) చాలాసార్లు అందులో నాలుగో వంతు కూడా ఉండదు, మిగతా పిక్సెల్స్ సాఫ్ట్‌వేర్ ఊహించి మధ్యమధ్యలో నింపుతుంది. దాన్నే ఇంటర్‌పోలేషన్ అంటారు. దానివల్ల ఫోటోలో కొత్త వివరం ఒక్కటి కూడా రాదు, పైగా ఫైలు బరువెక్కుతుంది, కార్డుకి రాయడానికి ఎక్కువసేపు పడుతుంది, రికవరీ టైమ్ పెరుగుతుంది. 4కే టీవీ మొత్తం నిండటానికి కావాల్సింది 83 లక్షల పిక్సెల్స్, అంటే ఎనిమిది మెగాపిక్సెల్స్ చిల్లర మాత్రమే. మాన్యువల్‌లో అసలు సెన్సార్ ఎంతో చిన్న అక్షరాల్లో రాస్తారు కొందరు, అది వెతకండి. పెద్ద నంబరు ఉన్న కెమెరా ఆల్రెడీ ఇంట్లో ఉంటే సెట్టింగ్స్‌లో తగ్గించి వాడండి, క్వాలిటీ పోదు, స్పీడు వస్తుంది. అసలైన పరీక్ష వేరే ఉంది, ఆ మోడల్ రాత్రి తీసిన అసలు ఫోటోలు, నడుస్తున్న జంతువువి, దొరికినన్ని చూడండి. పగటి ఫోటోలు అన్ని కెమెరాల్లోనూ బాగానే ఉంటాయి. కంపెనీ వాళ్లు పెట్టే ఫోటోలని అస్సలు లెక్కలోకి తీసుకోకండి నా మాట విని, వాడినవాళ్లు పెట్టినవే చూడండి.

రాత్రి అనేసరికి ఫ్లాష్ దగ్గరకొచ్చాం. ఇందులో మూడు రకాలు. 850 నానోమీటర్ల తరంగం పొడవున్న ఇన్‌ఫ్రారెడ్, అంటే ఎరుపుకి అవతల మన కంటికి దాదాపు కనపడని వెలుగు, ఒకటి, దీన్ని లో గ్లో అంటారు, వెలుగు దూరం వెళ్తుంది, ఫోటో కాస్త శుభ్రంగా వస్తుంది, కానీ వెలిగినప్పుడు దీపాలు మసక ఎరుపులో కనపడతాయి. 940 నానోమీటర్లది నో గ్లో, మనిషి కంటికి కనపడదు, కానీ ఫోటోని పట్టే సెన్సార్‌కి కూడా ఆ వెలుగు తక్కువే అందుతుంది కాబట్టి దూరం తగ్గుతుంది, ఫోటోలో గరుకు పెరుగుతుంది. ఈ రెండిట్లోనూ రాత్రి ఫోటో నలుపు తెలుపే. మూడోది తెల్ల ఫ్లాష్, రంగులు వస్తాయి, కానీ చుట్టుపక్కల ఉన్న ప్రతి ప్రాణికీ తెలుస్తుంది. తెల్ల ఫ్లాష్‌లో మళ్లీ రెండు, ఎల్ఈడీ, జినాన్. జినాన్ మెరుపు లాగా క్షణంలో వెలిగి ఆరిపోతుంది కాబట్టి నడిచే జంతువు కూడా రాయి మీద చెక్కినట్టు వస్తుంది, చారలూ మచ్చలూ లెక్కపెట్టొచ్చు. కానీ ఒకసారి వెలిగాక మళ్లీ ఛార్జ్ అయ్యేదాకా ఆగాలి. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు కానీ వెలుగు తక్కువ, షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, కాళ్లు అలికినట్టు వస్తాయి.

ఫ్లాష్‌తో రాత్రి జంతువుల్ని తీయడం ఇవాళ్టిది కాదు, జార్జ్ షైరస్ అనే అమెరికన్ తీగ కట్టి, జంతువు దానికి తగలగానే ఫ్లాష్ వెలిగి ఫోటో పడేలా చేసేవాడు, ఆయన రాత్రి ఫోటోలు 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. అప్పుడు తీగ, ఇప్పుడు పీఐఆర్, పని ఒకటే.

నో గ్లో కొంటే జంతువుకి అసలు తెలీదు అని చాలామంది గట్టిగా నమ్ముతారు, నేనూ నమ్మా. అది నిజం కాదు. 2014లో పాల్ మీక్, ఆయన తోటి ఆస్ట్రేలియా పరిశోధకులు ప్లాస్ వన్ పత్రికలో రాసింది చదివాక నా ఆలోచన మారింది, ఈ కెమెరాలు చేసే శబ్దాలు జంతువులు వినగలవు, వాటి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని చూడగలిగే జంతువులు కూడా ఉన్నాయి అని వాళ్లు చెప్పారు. మన చెవికి వినపడని పై స్థాయి శబ్దాలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి 940 కొనడానికి సరైన కారణం జంతువుకి తెలీకపోవడం కాదు, తక్కువ తెలియడం, ఇంకా దొంగలకి కనపడకపోవడం. దారిన మనుషులు తిరిగే చోటైతే 940, ఎవరూ రాని చోట దూరం ముఖ్యమైతే 850, గుర్తుపట్టే పనైతే జినాన్, నేను ఇలా తేల్చుకుంటా. బొరియల దగ్గర, గూళ్ల దగ్గర మాత్రం తెల్ల ఫ్లాష్ వద్దు, దయచేసి వద్దు. తల్లి భయపడి పిల్లల్ని వదిలి పోయే అవకాశం ఉన్నప్పుడు ఏ ఫోటో కూడా అంత విలువ చేయదు.

ముంగిసలు, ఎలుకలు, చిన్న పిట్టలు లాంటివి తీయాలనుకునేవాళ్లు ఫోకస్ దూరం చూసుకోవాలి. ట్రెయిల్ కెమెరాల్లో ఫోకస్ కదలదు, ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు, మామూలుగా ఒకటిన్నర రెండు మీటర్ల అవతల నుంచే స్పష్టంగా ఉంటుంది, అర మీటరు దగ్గర పెడితే అంతా మసక. దగ్గర ఫోకస్‌తో వచ్చే మోడల్స్ కొన్ని ఉన్నాయి, లేదంటే లెన్సు ముందు క్లోజప్ లెన్సు ఒకటి అతికించుకుని వాడేవాళ్లున్నారు, అదీ బానే పనిచేస్తుంది, కాకపోతే పీఐఆర్ బుడిపె మీద మాత్రం ఏదీ అడ్డం రాకూడదు. దగ్గరగా పెట్టినప్పుడు ఫ్లాష్ దీపాల్లో కొన్నిటి మీద టేపు వేయాల్సి వస్తుంది, లేకపోతే జంతువు తెల్లగా కాలిపోయినట్టు పడుతుంది.

సెల్స్ గురించి. ఎక్కువ కెమెరాలు నాలుగు, ఎనిమిది, పన్నెండు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తాయి. మామూలు ఆల్కలైన్ సెల్స్ వాడేకొద్దీ ఓల్టేజి కొంచెం కొంచెం జారుతూ ఉంటుంది, పగలు ఫోటోలు బాగానే పడుతుంటాయి కానీ రాత్రి ఫ్లాష్ చీకటైపోతుంది, మీరేమో కెమెరా పాడైందనుకుంటారు. 1.5 ఓల్టుల లితియం సెల్స్, అంటే ఛార్జింగ్ చేయనివి, చివరిదాకా దాదాపు ఒకేలా ఇస్తాయి, గడ్డకట్టే చలిలో కూడా పనిచేస్తాయి, ఖరీదెక్కువ. మామూలుగా దొరికే ఛార్జింగ్ సెల్స్ 1.2 ఓల్టులే ఇస్తాయి, కొన్ని కెమెరాలకి అది సరిపోదు, నిండా ఛార్జ్ ఉన్నా బ్యాటరీ అయిపోయింది అని చూపిస్తాయి, కాబట్టి మీరు ఛార్జింగ్ సెల్స్ వాడాలనుకుంటే ఆ మోడల్ వాటితో నడుస్తుందా అని మాన్యువల్ చూసి మరీ కొనండి. పాత సెల్స్ కొత్త సెల్స్ కలిపి వేయొద్దు, కారి లోపలంతా పాడుచేస్తాయి. నెలల తరబడి ఒకేచోట ఉంచేవాళ్లు బయటి బ్యాటరీకో సోలార్ ప్యానెల్‌కో జాక్ ఉన్నది తీసుకోండి, అది ఎన్ని ఓల్టులో మాత్రం సరిచూసుకోండి. కార్డు విషయంలో పెద్ద గొడవ లేదు, క్లాస్ 10ది, 32 జీబీ చాలు చాలామందికి. అంతకంటే పెద్దదైతే కెమెరా చదవగలదా అని చూసుకోవాలి. ఒక కెమెరాలో వాడినది ఇంకోదాన్లో వేసేముందు ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

సిమ్ వేసే కెమెరాలు బాగున్నాయా అని తరచూ అడుగుతారు. జంతువు రాగానే ఫోన్‌కి ఫోటో వస్తుంది, ఆ ఆనందం వేరు, కాదనను. మాటిమాటికీ వెళ్లి కార్డు మార్చక్కర్లేదు కాబట్టి మన వాసన, మన అడుగులు అక్కడ తక్కువ పడతాయి, జంతువుకి కూడా మంచిదే. కానీ నెలనెలా ప్లాన్ కట్టాలి, సెల్స్ గబగబా అయిపోతాయి, వచ్చేది చాలావాటిలో చిన్న సైజు ఫోటో, అసలుది కార్డులోనే ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, మీరు కెమెరా పెట్టే ఆ చెట్టు దగ్గర, మోకాలి ఎత్తులో, సిగ్నల్ ఉందో లేదో ఫోన్ పట్టుకుని ముందే చూసి రండి. రోడ్డు మీద నాలుగు గీతలున్నాయి కదా అని కొనేసి లోపలికెళ్తే ఒక్క గీత ఉండదు.

ఒంటి గట్టిదనం దగ్గర ఐపీ66 అని ఉంటే దుమ్ము లోపలికి పోదు, గట్టిగా కొట్టే నీళ్లకీ తట్టుకుంటుంది అని అర్థం, ఐపీ54 అంటే చిందే నీళ్ల వరకే. నంబరు ఏదైనా తలుపు చుట్టూ ఉండే రబ్బరు సీలు వేలితో నొక్కి చూడండి, అది మెత్తగా, ఎక్కడా తెగకుండా, మూల మలుపుల్లో లేవకుండా ఉండాలి. నాకు ఒకసారి ఏమైందంటే, వానాకాలం మధ్యలో వెళ్లి తలుపు తెరిస్తే లోపల సెల్స్ మధ్యన చీమలు తెల్లటి గుడ్లు నోట కరుచుకుని అటూ ఇటూ పరుగులు, స్క్రీను పక్కన మట్టి గూడు, సెల్ స్ప్రింగుల మీద పచ్చటి చిలుము. సీలు ఒక మూల గింజంత లేచింది, అంతే దారి సరిపోయింది వాటికి. అప్పట్నుంచి తలుపు మూసేముందు సీలు మీద ఇసుక రేణువు కూడా లేకుండా తుడుస్తా, లోపల ఒక సిలికా జెల్ పొట్లం పడేస్తా. చిన్న స్క్రీను ఉన్న కెమెరా తీసుకోండి వీలైతే, కెమెరా ఏం చూస్తుందో అక్కడికక్కడే తెలుస్తుంది, స్క్రీను లేనివాటితో నేను మొదట్లో ఎన్నిసార్లు చెట్టు కొమ్మల్ని మాత్రమే తీశానో. తాళం వేయడానికి, కేబుల్ దూర్చడానికి రంధ్రం ఉందా అనేది కూడా చూసేయండి.

ఇంత చెప్పాక ఒకటుంది, పత్రికల్లో కనపడే ఆ అద్భుతమైన రాత్రి ఫోటోలు, జంతువు కళ్లలో మెరుపు, వెనకాల నక్షత్రాలు, అవి ట్రెయిల్ కెమెరాతో వచ్చేవి కావు. మామూలు డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ నీళ్లు పోని పెట్టెలో పెట్టి, విడిగా పీఐఆర్ సెన్సార్ తగిలించి, రెండు మూడు ఫ్లాష్‌లు వేర్వేరు వైపుల పెట్టి తీస్తారు. అది మోత బరువు, ఖర్చు, దొంగల భయం. నా సలహా ఏంటంటే ముందు ట్రెయిల్ కెమెరాతో ఏ జంతువు ఏ టైమ్‌కి ఏ వైపు నుంచి వస్తుందో నెలా రెండు నెలలు చూడండి, ఆ సంగతి చేతిలో ఉంటే పెద్ద కెమెరా ఎక్కడ పెట్టాలో అప్పుడు తెలుస్తుంది.

పెట్టడం గురించి క్లుప్తంగా, ఎందుకంటే మంచి కెమెరాని తప్పుగా పెట్టి తిట్టుకునేవాళ్లే ఎక్కువ. మధ్యరకం జంతువులకి మోకాలి ఎత్తు, దారికి మూడు నుంచి అయిదు మీటర్ల దూరం, సూటిగా కాకుండా దారికి కాస్త ఏటవాలుగా తిప్పితే జంతువు ఎక్కువసేపు ఫ్రేములో ఉంటుంది, సెన్సార్ ముక్కలు కూడా దాటుతుంది. ఎండ లెన్సులోకి కొట్టకుండా ఉండాలంటే ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు ఉత్తరం వైపు, దక్షిణార్ధగోళంలో వాళ్లు దక్షిణం వైపు తిప్పండి. ముందున్న గడ్డిపోచలు, వేలాడే ఆకులు తీసేయండి, రాత్రి ఒక్క ఆకు దగ్గరగా ఉన్నా ఫ్లాష్ వెలుగంతా దాని మీదే పడి వెనకాల జంతువు చీకట్లో కలిసిపోతుంది. అలాగని కొమ్మలు నరికి చోటు మార్చేయొద్దు. స్థలం ఎవరిదైతే వాళ్ల అనుమతి ముందు తీసుకోండి, రక్షిత అడవి అయితే అటవీశాఖది. అరుదైన జంతువు పడితే ఫోటోని బయట పెట్టేముందు లొకేషన్ సమాచారం ఫైలులోంచి తీసేయండి, వేటగాళ్లకి దారి మనమే చూపించినట్టవుతుంది లేకపోతే. మనుషులు పడితే వాళ్ల ఫోటోలు డిలీట్ చేసేయండి. వేలల్లో ఫోటోలు పోగైతే మెగాడిటెక్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఏ జంతువో చెప్పదు గానీ ఏ ఫోటోలో జంతువుంది, ఏ ఫోటోలో మనిషి, బండి ఉన్నాయి, ఏవి ఖాళీ అని వేరు చేసి పెడుతుంది, గడ్డి ఫోటోలు చూస్తూ రాత్రులు గడపక్కర్లేదు.

కెమెరా ఇంటికొచ్చిన రోజే, వాపసు గడువు ఇంకా ఉండగానే, ఈ పరీక్ష చేయండి. తారీకు, టైమ్ సరిచేసి, మోకాలి ఎత్తులో కట్టేసి, ముందు మూడు మీటర్ల దగ్గర, తర్వాత ఆరు, తర్వాత పది మీటర్ల దగ్గర నేల మీద ఒక్కో రాయి పెట్టండి. ఆ రాళ్ల పక్కనుంచి ఎడమ నుంచి కుడికి మామూలుగా ఒకసారి, వేగంగా ఒకసారి నడవండి, తర్వాత సూటిగా కెమెరా మీదకి నడవండి. ఇదంతా పగలు ఒకసారి, పూర్తిగా చీకటి పడ్డాక ఇంకోసారి. కార్డు తీసి చూస్తే మీరు ఫ్రేములో ఎక్కడ పడ్డారు, మధ్యలోనా అంచునా, పది మీటర్ల రాయి దగ్గర రాత్రి మొహం కనపడుతుందా, వేగంగా నడిచినప్పుడు వీపు మాత్రమే పడిందా అనేది తేలిపోతుంది. వీపు మాత్రమే పడితే, అదే రేపు తోక. ఆ కెమెరా వెనక్కి ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోండి.